నల్ల గొట్టానికి పారాణి

నేను ఒక నల్ల గొట్టాన్ని. బెత్తెడు పొడవు, బొటనవేలు దూరేంత బోలు, ఒక కొస మూసి, ఒక కొస తెరిచి ఉంటాను. చూపుల్లో నేను గొప్పవాణ్ణి కాను. నన్ను పెన్నులు పెట్టుకునే డబ్బా అనుకున్నవాళ్ళు ఉన్నారు. ఒక పెద్దమనిషి నాలో సిగరెట్టు నుసి దులపబోయాడు కూడా. మామూలు రోజుల్లో నా దగ్గర ఏ మహిమా కనపడదు కాబట్టి ఆయన్ని నేను తప్పు పట్టను.

కాని నన్ను ద్రవ నైట్రోజన్‌లో ముంచి చూడండి. మంచుగడ్డ దాని ముందు నిప్పుకణిక. ఆ చలిలో నా ఒంట్లో కరెంటు ఏ అడ్డూ లేకుండా, పిసరంత వేడి పుట్టించకుండా పరుగు తీస్తుంది. అందుకే నా జాతిని అతివాహకాలు అంటారు. నాకు ఇంకో విద్య కూడా వచ్చు. బయట అయస్కాంత బలం ఉంటే దాన్ని నా కడుపులోకి రానివ్వను. అలాగని తలుపు బిడాయించుకుని కూర్చోను. నా పైపొరలో కరెంటును గిర్రున తిప్పుతాను. ఆ కరెంటుకూ ఒక అయస్కాంత బలం ఉంటుంది కదా, అది వచ్చినదానికి సరిగ్గా ఎదురు నిలుస్తుంది. లెక్క అక్కడికక్కడే చెల్లిపోయి లోపల నిశ్శబ్దం మిగులుతుంది. కొందరు గృహస్థులు వచ్చినవాళ్ళను అరుగు మీదే కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, కుశలం అడిగి, గడప దాటనివ్వకుండానే నవ్వుతూ సాగనంపుతారు. నా పద్ధతి కూడా అదే.

నన్ను చేసిన పిల్ల పేరు రొంగలి నూకరత్నం. సముద్రం ఒడ్డున గుట్ట మీద ఉన్న విశ్వవిద్యాలయంలో, భౌతికశాస్త్ర విభాగంలో పరిశోధన చేస్తుండేది. ఊరు అనకాపల్లి దగ్గర పల్లె. వాళ్ళ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. తండ్రి రొంగలి దేముడు గారికి మైకుసెట్టు ఉంది. పెళ్ళి అయినా, తీర్థం అయినా, బుర్రకథ అయినా ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన హారన్లే మోగాలి. కాలిపోయిన స్పీకర్లలోంచి ఊడదీసిన అయస్కాంతాలతో ఆడుకుంటూ పెరిగింది మా రత్నం. మిగతా పిల్లలు బొమ్మలకు పెళ్ళిళ్ళు చేస్తుంటే ఈమె రెండు అయస్కాంతాలను ఎదురెదురుగా పెట్టి, అవి ఎందుకు అలుగుతున్నాయని అడిగేదట. అడగడం మానకుండా గుట్ట మీద దాకా వచ్చింది.

నా పుట్టుక చెబుతాను. యిట్రియం ఆక్సైడు, బేరియం కార్బొనేటు, కాపర్ ఆక్సైడు, ఈ మూడు పొడులనూ రాతి కల్వంలో వేసి రత్నం నూరింది. చేతులు నొప్పి పుట్టేదాకా నూరి, ఫర్నేసులో కాల్చి, తీసి మళ్ళీ నూరింది. అచ్చులో పోసి ఒత్తి, ఇంకోసారి కాల్చి, ఆక్సిజన్ పారిస్తూ నెమ్మదిగా చల్లార్చింది. ఆ ఆక్సిజన్ నాకు తల్లిపాల లాంటిది. అది చాలకపోతే నేను ఉత్త పెంకునే. నాకంటే ముందు పుట్టిన అన్నల్లో ఒకడు పాళ్ళు కుదరక ఆకుపచ్చగా బయటపడ్డాడు. ఇంకొకడు చల్లారేటప్పుడు ఫట్‌మని పగిలాడు. నేను నల్లగా, నిండుగా బయటికి వచ్చిన రోజున లేబ్ అటెండరు ముత్యాలు నన్ను చూసి, "ఈడు మన కిట్టయ్యలా నల్లగా ఉన్నాడు తల్లీ, బతుకుతాడు" అన్నాడు. నల్లగా పుట్టినందుకు ఇంత మర్యాద దక్కిన చోటు ఈ దేశంలో ఆ లేబ్ ఒక్కటే అయి ఉంటుంది.

ముత్యాలును రత్నం బాబాయ్ అని పిలిచేది. ద్రవ నైట్రోజన్‌ను ఆయన ‘పొగనీళ్ళు’ అనేవాడు. వాళ్ళ మీద పెద్ద ప్రొఫెసర్ కామేశం గారు. అందరికీ కామేశం మాస్టారు. ఆయన చాలా మంచివాడు, చాలా భయస్థుడు. ఈ రెండు గుణాలూ ఒకే మనిషిలో ఉంటే పక్కవాళ్ళకు ఎంత పనో ఆ లేబ్‌లో చూశాను.

నా ఒంటి గుట్టు కూడా ఒకటి చెప్పాలి. నేను ఒక్కణ్ణే కనబడతాను గాని, లోపల లెక్కలేనన్ని సన్న గింజలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఒక గింజ లోపల కరెంటు మహారాజులా తిరుగుతుంది. ఈ గింజ గుమ్మం దాటి పక్క గింజలోకి వెళ్ళాలంటేనే దానికి మొహమాటం. తక్కువ కరెంటు అయితే ఎలాగో దాటుతుంది. బలవంతం ఎక్కువైతే ఆ గుమ్మాల దగ్గరే అతుకు తెగి, నా కాపలా సడలి, అయస్కాంతం లోపలికి జొరబడుతుంది. మా విభాగానికీ పక్కనున్న రసాయనశాస్త్ర విభాగానికీ మధ్య ఎప్పుడూ గొళ్ళెం పెట్టి ఉండే తలుపు చూశాక, మనుషుల్లోనూ గింజలు ఉంటాయని నాకు అర్థమైంది.

రత్నం పరిశోధన అంతా ఇదే. నాలాంటి గొట్టం ఎంత బలం దాకా అయస్కాంతాన్ని ఆపగలదు? గింజల మధ్య కరెంటు ఎంత దాకా దాటగలదు? ఆ సంగతి తేల్చడానికి దసరా సెలవులయ్యాక హైదరాబాదు నుంచి కమిటీ రాబోతోంది. వాళ్ళు సరేనంటే రత్నం పని సాగుతుంది. కాదంటే ఫెలోషిప్ అక్కడితో సరి. పల్లెలో ప్రైవేటు బడివాళ్ళు అప్పటికే కబురు పెట్టారు, ‘లెక్కల టీచరుగా వచ్చెయ్యమ్మా’ అని. బడి తప్పేమీ కాదు. కాని తను అడిగిన ప్రశ్నను సగంలో వదిలి వెళ్ళడం ఆమెకు ఇష్టం లేదు.

అలాంటి సమయంలో అయస్కాంత బలాన్ని కొలిచే మీటరు చెడిపోయింది. బాగుకు పంపితే దసరా కాదు, దీపావళి కూడా దాటుతుందన్నారు. కామేశం మాస్టారు తల పట్టుకున్నారు. రత్నం మాత్రం ఆ ఆదివారం ఊరు వెళ్ళి, తండ్రి దగ్గర ఒక పాత ఆంప్లిఫయరు, ఒక హారను, ఒక క్యాసెట్టు పట్టుకుని బస్సులో తిరిగి వచ్చింది.

ఆమె చేసిన ఏర్పాటు చెబుతాను, వినండి. నన్ను థర్మాకోల్ డబ్బాలో నిలబెట్టింది. డబ్బా చుట్టూ రాగి తీగ చుట్టి, క్యాసెట్టులోని ధ్వనిని ఆ తీగలోకి పంపింది. పాటకు తగ్గట్టు తీగ చుట్టూ అయస్కాంత బలం పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. నా కడుపులో ఇంకో బుల్లి తీగచుట్ట పెట్టి, దాన్ని హారనుకు కలిపింది. అయస్కాంతం నా లోపలికి వస్తే హారను మోగుతుంది, రాకపోతే మోగదు. వాళ్ళ నాన్న సరుకుతోనే ఆమె తనకు కావలసిన మీటరు తయారు చేసుకుంది.

క్యాసెట్టులో ఉన్నది పాట కాదు. దేముడు గారి గొంతు. "హలో... హలో... మైక్ టెస్టింగ్... అమ్మోరి తీర్తానికి వచ్చిన భక్త మహాశయులు తమ పిల్లల్ని చేతులు ఒదలకండా పట్టుకోవలసిందిగా కోరుచున్నాము..."

ముత్యాలు పొగనీళ్ళు పోశాడు. తెల్లటి ఆవిరి పొంగింది. నా ఒళ్ళు గడ్డకట్టింది. ‘పిల్లల్ని చేతులు’ దాకా వచ్చిన దేముడు గారి గొంతు అక్కడే టక్కున ఆగిపోయింది.

"ఒలమ్మో! మీ నాన్న నోరు మూయించీసింది!" అన్నాడు ముత్యాలు. "నా పెళ్ళానికి ఇలాటిది ఒకటి సేసి పెట్టమ్మా."

"పిన్నితో చెప్పనా బాబాయ్?"

"వొద్దు తల్లీ. నాకు ఇంట్లో అన్నం అక్కర్లేదేటి?"

రత్నం ధ్వని పెంచుకుంటూ పోయింది. ఆంప్లిఫయరు మీద మీట దాదాపు చివరి గీత దగ్గరికి చేరాక గాని దేముడు గారి ‘హలో’ లోపలికి దూరలేకపోయింది. కామేశం మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఏవమ్మా, ఇది కమిటీకి చూపిస్తే చాలు. ఇంక దీని మీద ఈగ కూడా వాలకూడదు" అన్నారు.

ఈగ వాలలేదు. దసరా వచ్చింది.

ఆయుధపూజ నాడు ఆ విశ్వవిద్యాలయంలో పని చేసే ప్రతి యంత్రానికీ బొట్టు పడుతుంది. తూకం, పంపు, ఫర్నేసు, ఆఖరికి టైపు మిషను కూడా పెళ్ళికూతురై కూర్చుంటాయి. ఆ పూట రత్నం ఎంతో శ్రద్ధగా పని చేసింది. ఇంట్లో చిన్నప్పటి నుంచి ఆమె పని అదే. హారన్లూ పెట్టెలూ తడిగుడ్డతో తుడవడం, పసుపు పుయ్యడం, కుంకుమ దిద్దడం. నీళ్ళు తగిలితే నా జాతి చెడిపోతుందని ఆమె చదవకపోలేదు. ఆ పేజీ కింద గీత కూడా గీసుకుంది. చదువు బుర్రలో ఉండిపోయింది, చేతులకు మాత్రం పండుగ వచ్చింది. నన్ను తడిగుడ్డతో ముద్దుగా తుడిచి, నీళ్ళలో కలిపిన పసుపు రెండు చెంపల మీదా దట్టంగా పూసి, బొట్టు పెట్టి, ఫర్నేసు పక్కన పీట మీద నిలబెట్టింది. కామేశం మాస్టారు హారతి ఇచ్చారు. ముత్యాలు కొట్టిన కొబ్బరికాయ నీళ్ళు నా మీద కూడా చిందాయి.

నాకు నోరు లేదు. ఉంటే కేక పెట్టేవాణ్ణే. అందరూ పులిహోర తింటున్నారు. పసుపు తడి నా గింజల సందుల్లోకి ఇంకుతోంది. గింజకూ గింజకూ మధ్య అసలే అంతంత మాత్రంగా ఉన్న స్నేహం విడిపోతోంది. పెద్దమనుషులు నాకు పూజ చేస్తూ చంపుతున్నారు, అదీ ఎంతో భక్తిగా.

పులిహోర ఆకు చేత్తో పట్టుకుని రత్నం నా వైపు చూసింది. చూసి, ఆగింది.

"బాబాయ్, గొట్టానికి పసుపు కదా పూశాను. ఎర్రగా ఉందేంటి? నువ్వు కుంకుమ కలిపావా?"

"నానేటి కలపనేదమ్మా. గిన్నెలో పసుపే ఉంది, సూడు."

గిన్నెలో పసుపు పచ్చగానే ఉంది. తూకం మీద పచ్చగా ఉంది. ఫర్నేసు తలుపు మీదా పచ్చగానే ఉంది. నా ఒంటి మీద మాత్రం ఒక చెంప ముదురు ఎరుపు, రెండో చెంప ఇంకా పచ్చ.

"పారాణి కట్టినట్టు ఉందే," అన్నాడు ముత్యాలు నవ్వుతూ.

రత్నం నవ్వలేదు. ఆకు బల్ల మీద పెట్టేసింది. పెళ్ళికూతురి కాళ్ళకు పారాణి ఎలా కలుపుతారో తెలియని ఆడపిల్ల ఆ పల్లెల్లో ఉండదు. పసుపులో సున్నం కలుపుతారు. సున్నం తగిలితేనే పసుపు ఎర్రబడుతుంది. ఇక్కడ సున్నం ఎవరూ కలపలేదు. కాని నాలో బేరియం ఉంది. అది సున్నానికి దగ్గరి చుట్టం. నీళ్ళు నా ఒంటిని కరిగిస్తుంటే ఆ బేరియం బయటికి ఊరి పసుపుతో కలుస్తోందన్నమాట.

"అయ్యో, నా చేతులతోనే చెడగొట్టాను!" అంది రత్నం.

నన్ను లాక్కుని పొడిగుడ్డతో తుడిచి, వేడి గాలి పట్టి, పొగనీళ్ళలో పెట్టి చూసింది. దేముడు గారి గొంతు తగ్గింది గాని ఆగలేదు. మీట తొలి గీత దగ్గర ఉండగానే ‘భక్త మహాశయులు’ మెల్లగా నా కడుపులోకి నడిచి వచ్చారు. కామేశం మాస్టారు చేతిలో హారతి పళ్ళెం ఇంకా అలాగే ఉంది.

"కొత్తది చెయ్యడానికి రోజులు లేవు కదమ్మా," అన్నారు ఆయన నీరసంగా. "ఇందులో నా తప్పూ ఉంది. హారతి ఇచ్చింది నేనే. దాని మీద పసుపు నాకూ కనబడింది, ఎంత కళగా ఉందో అనుకున్నాను."

సెలవుల్లో అందరూ ఊళ్ళకు వెళ్ళారు. రత్నం వెళ్ళలేదు. ముత్యాలు రోజూ భోజనం వేళకు క్యారేజీ తెచ్చి, ఆమె తినేదాకా కూర్చుని, మా ఇద్దర్నీ చూసి వెళ్ళేవాడు. ఎర్రబడ్డ చోటును ఆమె పొడిగానే, సన్నటి గరుకు కాగితంతో, చంటిపిల్లాడికి నలుగు పెట్టినంత మెల్లగా అరగదీసింది. చెడిన పొర పోయింది. తరవాత ఫర్నేసులో పెట్టి మళ్ళీ ఆక్సిజన్ పట్టింది. నేను కోలుకున్నాను. చెంప మీద సొట్ట మాత్రం మిగిలిపోయింది.

కమిటీ వచ్చింది. అందులో ముఖ్యమైన మనిషి డాక్టర్ ఆమ్నా సుల్తానా. హైదరాబాదు పాతబస్తీలో పుట్టి పెరిగిన ఆవిడ. నెరిసిన జుట్టు, చురుకైన కళ్ళు, ఎదుటివాళ్ళు చెప్పేది పూర్తయ్యేదాకా ఆగని చేతులు. ఆవిడ వచ్చే ముందు కామేశం మాస్టారు రత్నాన్ని పక్కకు పిలిచి మెల్లగా అన్నారు. "సొట్ట ఉన్న వైపు గోడకు తిప్పి పెట్టమ్మా. అడిగితేనే చెబుదాం. అబద్ధం ఆడమనటం లేదు సుమా!"

రత్నం నన్ను గోడ వైపు తిప్పి పెట్టింది. గురువుగారి మాట కదా.

ముత్యాలు పొగనీళ్ళు పోశాడు. దేముడు గారు "హలో" అన్నారు, ఆగిపోయారు. కమిటీలో ఒకాయన చప్పట్లు కొట్టబోయాడు. డాక్టర్ ఆమ్నా అప్పటికే మీట పట్టుకుని తిప్పుతున్నారు. తొలి గీత దాటింది, నిశ్శబ్దం. ఇంకా తిప్పారు, నిశ్శబ్దమే. నేను ఊపిరి బిగబట్టి కరెంటు తిప్పుతున్నాను. సొట్ట దగ్గర దారి సన్నం. అక్కడికి వచ్చేసరికి కరెంటు అంతా పక్కల నుంచి ఒరుసుకుంటూ పోతోంది, తీర్థంలో ఇరుకు సందు దాటే జనంలా. మీట సగం దాటిందో లేదో, ఒక అతుకు తెగింది. "...లో... హలో..."

"చాలు మేడమ్, అనుకున్నంత వచ్చింది," అన్నారు కామేశం మాస్టారు గబగబా. "మామూలుగా ఇలాంటి గొట్టాలకు ఇది మంచి ఫలితమే."

డాక్టర్ ఆమ్నా తల ఊపి కాగితం మీద ఏదో రాసుకోబోయారు. ఆ ఒక్క మాటతో గండం గడిచిపోయేది. కాని రత్నం అంది:

"దసరాకి ముందు ఇంకా చాలా పైదాకా ఆగేది మేడమ్."

మాస్టారు కళ్ళు మూసుకున్నారు.

"దసరాకు ఏమైంది?" అన్నారు ఆమ్నా.

రత్నం పటకారుతో నన్ను పైకి తీసి, ఆవిరి తగ్గాక సొట్ట ఆవిడ వైపు తిప్పింది. "ఆయుధపూజకి నేనే తడిగుడ్డతో తుడిచి పసుపు రాశాను మేడమ్. నీళ్ళు పడవని తెలిసి కూడా రాశాను. చెడింది. చెడినంత మేర అరగదీసి మళ్ళీ ఆక్సిజన్ పెట్టాను. ఇప్పుడు మీరు చూసింది బాగుచేసిన గొట్టం. కొత్తదాని బలం ఇది కాదు."

నేను అడ్డు తొలగడంతో డబ్బాలో మిగిలిన బుల్లి తీగచుట్టలోంచి దేముడు గారు పూర్తిగా బయటపడి, "...పట్టుకోవలసిందిగా కోరుచున్నాము" అని ముగించారు.

డాక్టర్ ఆమ్నా నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళజోడు జారేదాకా నవ్వారు. "గొట్టానికి పూజ చేసిన్రా! ఆరతి గూడ ఇచ్చిన్రా?"

"ఇచ్చాను," అన్నారు కామేశం మాస్టారు. ఆ భయస్థుడు ఎక్కడి నుంచి తెచ్చుకున్నాడో గాని, తల ఎత్తే చెప్పారు.

ఆవిడ నవ్వు ఆపి, చలి వదిలిన నన్ను చేతిలోకి తీసుకున్నారు. "సరే, చెడిందని నీకెట్ల తెలిసిందమ్మా? నీళ్ళ తోని చెడితే పైకి ఏం కనపడదు కదా. మళ్ళ కొలిస్తేనే తెలుస్తది."

"పసుపు ఎర్రబడింది మేడమ్. పారాణి లాగా."

ఆవిడ చెయ్యి ఆగింది. "మళ్ళ చెప్పు."

రత్నం చెప్పింది. పసుపు, సున్నం, పెళ్ళికూతురి పాదాలు, బేరియం. ఏ వైపు ముందు ఎర్రబడిందో, ఏ వైపు ఆలస్యమైందో కూడా చెప్పింది. గింజలు చిక్కగా అతుక్కున్న వైపు పసుపు చాలాసేపు పచ్చగానే ఉందని, అతుకులు వదులుగా ఉన్న చోటే తొందరగా ఎర్రబడిందని అప్పుడే తనకూ తట్టినట్టు ఆగి ఆగి చెప్పింది. నా ఒంట్లో ఎక్కడ బలహీనతో నా మీదే పటం గీసినట్టు కనబడింది ఆ పూట. పులిహోర తింటూ వాళ్ళు చూసింది అదే.

"మా ఇండ్లల్ల గూడ పెండ్లికి ముందు మాంజా రోజున పసుపే పెడతరు," అన్నారు ఆమ్నా. "ఇన్నేండ్లు చేతులకు పసుపు పూసుకున్న, ఈ సంగతి నాకెన్నడు తట్టలే. నీళ్ళు పడవని అందరం చదివినం. ఎక్కడ పడవో కంటికి చూపెట్టినోళ్ళను నేను చూడలే." మాస్టారి వైపు తిరిగారు. "సార్, ఈ పిల్ల పని సాగాలె. గొట్టాలు చెయ్యనియ్యండి. తడి ఎట్ల పాకుతదో, దానికి పైన ఏం పూత వెయ్యాల్నో గూడ చూడనియ్యండి. ఇగ, సొట్టను గోడకు తిప్పి పెట్టుడు మాత్రం బంద్ చెయ్యండి."

మాస్టారు ముఖం కూడా ఆ క్షణాన పారాణి రంగుకే తిరిగింది.

అలా రత్నం నిలిచింది. తరవాత ఎన్నో గొట్టాలు చేసింది. పైన లక్క పూత వేసుకుని, నీళ్ళు చల్లినా చలించని నా తమ్ముళ్ళు ఇప్పుడు ఆ లేబ్‌లో పని చేస్తున్నారు. ఎవరి ఓపిక ఎంతో తేల్చడానికి మాత్రం ఇప్పటికీ ఒక ముక్కకు పసుపే పూస్తారు. నన్ను పని నుంచి తప్పించి విభాగం వరండాలో అద్దాల బీరువాలో పెట్టారు. నా పక్కన ఒక పాత గడియారం, పనిచేయని ఒక టెలిస్కోపు. ముసలివాళ్ళ మధ్య కుర్రాణ్ణి నేనే.

మరుసటి దసరాకి దేముడు గారు వచ్చారు. తెల్ల చొక్కా, భుజం మీద తువ్వాలు. కూతురు పని చేసే చోటు చూడటం ఆయనకు అదే మొదలు. లేబ్‌లో ఆంప్లిఫయరును చూసి పాత స్నేహితుణ్ణి చూసినట్టు దాని నెత్తిన చెయ్యి వేశారు. తరవాత రత్నం ఆయన్ని నా దగ్గరికి తీసుకొచ్చింది.

ఆయన వంగి, అద్దంలోంచి నన్ను కింది నుంచి మీది దాకా చూశారు.

"ఇదేనేటే అమ్మా, నా నోరు మూయించీసింది?"

"ఇదే నాన్నా."

"మీ అమ్మ వల్లే అవనేదు. గట్టి పిండమే!" అని, చేతిలో ఉన్న పసుపు గిన్నెలో వేళ్ళు ముంచి, బీరువా తలుపు తియ్యబోయారు. పండుగ పూట పనిముట్టుకు బొట్టు పెట్టకుండా వెళ్ళడం ఆయన వల్ల ఎలా అవుతుంది?

"నాన్నా! తడి చెయ్యి!" అంది రత్నం. వెనక నుంచి ముత్యాలు, మెట్ల మీద నుంచి కామేశం మాస్టారు కూడా అదే మాట ఒకేసారి అరిచారు. ఆ కేకకు హారన్ అక్కర్లేదు.

దేముడు గారు అదిరిపడి ఆగారు. ఒక్క క్షణం ఆలోచించి తలుపు మెల్లగా మూసేశారు. తరవాత అద్దం మీద, సరిగ్గా నా సొట్టకు ఎదురుగా, తీరిగ్గా గుండ్రంగా పసుపు పూసి, మధ్యలో కుంకుమ దిద్దారు. అడుగు వెనక్కి వేసి చూసుకుని, "ఇప్పుడు బాగుంది" అన్నారు.

అప్పటి నుంచి ప్రతి దసరాకీ నా బొట్టు అద్దానికే. మర్యాదలన్నీ అరుగు మీదే జరిగిపోతాయి. గడప దాటి ఏదీ లోపలికి రాదు. నా పద్ధతి ఈ మనుషులు కూడా నేర్చుకున్నారు. బయట ఆ పసుపు ఏళ్ళ తరబడి పచ్చగానే ఉంటోంది. నా చెంప మాత్రం, దాన్ని చూసినప్పుడల్లా, కొంచెం ఎర్రబడినట్టే అనిపిస్తుంది.